జిగురు గడ్డం

పూర్వం ఒక నవాబు ఏలుబడిలో సుంకం కట్టని సరుకును ఏరు దాటిస్తే, పడవనే జప్తు చేసేవారు. దొంగలెవరూ దొరక్క విసిగిన కొత్వాలు, జిగురుతో గడ్డం అంటించుకుని, వర్తకుడి వేషం వేసుకుని, పడవ నడిపే బుడాను దగ్గరికి వెళ్లాడు. బుడాను వద్దన్నకొద్దీ కాళ్లు పట్టుకుని బతిమాలి, సుంకం కట్టని పట్టుమూట ఎక్కించాడు. అవతలి ఒడ్డుకు చేరగానే గడ్డం పీకేసి, "దొరికావురా!" అన్నాడు.

ఖాజీ ముందు బుడాను చేతులు జోడించాడు. "పడవ పోతే పిల్లలు పస్తులే, హుజూర్. సాక్షి ఎవరో అడగండి."

"నేనే! పక్కనే కూర్చున్నాగా!" అన్నాడు కొత్వాలు.

"ఎవరిగా కూర్చున్నారు సాహెబ్? కొత్వాలుగానైతే, మూట ఎక్కుతుంటే ఆపలేదేం? వర్తకుడిగానైతే, సరుకు మీదే, మొదటి దొంగ మీరే. దొంగ చెప్పింది సాక్ష్యంగా చెల్లుతుందా?"

చూశారా, కొత్వాలుకు ఏది ఒప్పుకున్నా చిక్కే!

ఖాజీ నవ్వాపుకుని, "పడవ వదిలేయండి. కొత్వాల్ సాహెబ్, పొద్దుగూకేలోగా ఆ వర్తకుణ్ణి పట్టి తెండి" అన్నాడు.

"ఆనవాలు నేను చెబుతా హుజూర్," అన్నాడు బుడాను. "గడ్డం ఊడినా, చుబుకానికి జిగురు ఇంకా వదల్లేదు."