గంగసాని దీపాల గోడ

పొరుగు రాజుగారింట పెళ్లికి వెళ్లొచ్చినప్పటి నుంచీ పెదగట్టు రాజు గుణసాగర భూపతికి అన్నం సయించడం మానేసింది. అలాగని ఆయన బొజ్జేమీ తగ్గలేదు. ఆ సంగతి మనలో మనం అనుకోవాల్సిందే. కొలువులో బొజ్జ అన్న మాట వినాయక చవితినాడు తప్ప వినపడకూడదు. ఆ ఊసెత్తితే రాజుగారికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"వాళ్ల పందిట్లో వెయ్యి దీపాలు పెట్టారయ్యా!" అన్నాడు రాజు కొలువులో. "దసరాకి ఆ రాజు మన కోటకొస్తున్నాడు. మన దీపాలు ఎవరూ ముట్టకుండా వాటంతటవే వెలగాలి, ఆరాలి, బొమ్మలు కట్టాలి. చేసినవాళ్లు ఏం కోరితే అదిస్తా!"

అలంకారాధికారి మంకన్న మీసానికి సంపెంగ నూనె రాసుకుని తిరిగే పెద్దమనిషి. ఆయన గభాలున నేలచూపులు చూశాడు.

రాణిగారి వెనక వింజామర వీస్తున్న దాసి గంగసాని కిసుక్కున నవ్వింది.

"ఎందుకే ఆ నవ్వు?" అన్నాడు రాజు.

"దీపాలకేం తెలుసు ప్రభూ, పాపం! ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు దాక్కోవాలో ముందే చెప్పిపెడితే అవే వింటాయి."

"అయితే నువ్వే చెప్పు!"

నోటి దురుసు అంటే అదే మరి. కానీ గంగసాని బెదరలేదు. ఆమె రాణిగారి పెళ్లిలో అరణంగా వచ్చిన దాసి. పట్టుచీరలతో, పల్లకీతో పాటు ఆమెనూ పంపేశారు. కోట బయట తనకంటూ ఒక గడప ఉండాలని, తన పొయ్యి మీద తన గంజి కాచుకోవాలని ఆమెకు ఎన్నాళ్లుగానో ఆశ. ఏం కోరితే అదిస్తానన్న మాట చెవిన పడ్డాక ఇంకేం, కొంగు నడుముకు బిగించింది.

అంతఃపురం వెనక పాత సామానంతా పోగేసింది. సభామండపం గోడకున్న గూళ్లన్నిట్లో దీపాలు పెట్టి, ఒక్కోదాని ముందు ఒక్కో మూకుడు వేలాడదీసింది. మూకుళ్ల తాళ్లన్నీ గోడ వెనక్కి లాగింది. అక్కడొక గుండ్రటి కొయ్య దిమ్మె. దానికి ఇసుక మూట కట్టి వదిలితే, మూట దిగుతున్నకొద్దీ దిమ్మె మెల్లగా తిరుగుతుంది. దిమ్మె నిండా చీలలు. చీల వచ్చి తాడును లాగితే మూకుడు లేచి దీపం కనబడుతుంది, దాటిపోతే పడిపోయి దీపం దాక్కుంటుంది. చీల ఎక్కడ కొడితే బొమ్మ అక్కడ. గోడ మీద దీపాల చిలక రెక్కలు టపటపలాడించేదాకా ఎన్ని చీలలు పీకి మళ్లీ కొట్టిందో ఆమె వేళ్లకే తెలుసు!

తీరా దసరానాటి పొద్దున మంకన్న రాజుగారి దగ్గర చేరాడు.

"ప్రభూ, ఆలోచనంతా ఈ దాసుడిదే. చీల చీలా నా చేత్తో కొట్టాను. ఆ పిల్ల తాళ్లు పట్టుకుందంతే."

రాజు గంగసానిని పిలిచి అడిగాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఎవడబ్బ సొమ్మని! కానీ అధికారి మాట ముందు దాసి మాట నిలుస్తుందా? పళ్లు బిగబట్టి, చిరునవ్వు నవ్వింది.

"మంకన్నగారిదే ప్రభూ. ఆ మాటేదో అతిథిరాజుగారి ముందు ఆయన నోటితోనే చెప్పిస్తే మన కోటకు గౌరవం."

ఆ తర్వాత చిన్న సుత్తి పట్టుకుని, కూనిరాగం తీస్తూ గోడ వెనక్కి వెళ్లొచ్చింది.

సందె చీకట్లు పడ్డాయి. సభ కిటకిటలాడుతోంది. మంకన్న మీసం దువ్వి, "ఇందులో ప్రతి చీలా నాదే!" అని చాటాడు. మూట వదిలారు.

చిలక ఎగిరింది. సభ ఆహా అంది. తామర విచ్చుకుంది. అతిథిరాజు నోరు తెరిచాడు.

తర్వాత గోడ మధ్యన ఒక గుండ్రం వెలిగింది. పెద్దది. ఇంకా పెద్దదైంది. నిండుగా, నున్నగా అయ్యి, అంచుల్లో దీపాలు మెరిసి దాగుతుంటే నవ్వుతున్నట్టు కుదుపులతో ఊగింది. అక్కడితో ఆగిపోయింది.

అందరి కళ్లూ సింహాసనం వైపు తిరిగి, మళ్లీ చప్పున నేలకు దిగాయి. అతిథిరాజు ఉత్తరీయం నోటికడ్డం పెట్టుకున్నాడు.

"మంకన్నా!" రాజు గొంతు ఉరిమింది. "ఏమిటది?"

మంకన్న దబ్బున కాళ్ల మీద పడ్డాడు.

"నాకేం తెలీదు మహాప్రభో! తమరి బొజ్జను నేను పెట్టలేదు! ఒక్క చీల కూడా నేను ముట్టుకోలేదు! అంతా ఆ గంగసానే చేసింది!"

"గంగసానీ!" రాజు లేచి నిలబడ్డాడు.

ఆమె చేతులు కట్టుకుని, తాపీగా అంది:

"ఒక్క క్షణం ప్రభూ. దిమ్మె ఇంకా తిరుగుతోంది."

గుండ్రం మీద మెడ వెలిగింది. మెడ మీద మావిడాకులు, ఆకుల నడుమ కొబ్బరికాయ. నిండైన పూర్ణకుంభం గోడంతా పరుచుకుని అతిథికి స్వాగతం పలికింది. సభ చప్పట్లతో దద్దరిల్లింది.

"కుండ మెడకీ, కాయకీ కొట్టిన చీలల్ని పీకి, కొంత దూరం వెనక్కి కొట్టాను ప్రభూ," అంది గంగసాని. "నిజంగా చీలలు కొట్టినవాళ్లయితే, ఇంకా బొమ్మ ఉందని తెలిసి కాసేపు ఓపిక పట్టేవాళ్లు."

రాజు మంకన్న వైపు చూసిన చూపుకి ఆయన మీసం నూనెతో సహా వాలిపోయింది. రాజు మళ్లీ గంగసాని వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"నిజం చెప్పు. అది నా బొజ్జేనా?"

"రామ రామ! నేను పెట్టింది కుండ ప్రభూ. దాన్ని చూస్తే తమరి బొజ్జ ఎందుకు గుర్తొచ్చిందో మంకన్నగారినే అడగాలి!"

అతిథిరాజు ఇక ఆపుకోలేక పగలబడి నవ్వాడు. సభంతా ఘొల్లుమంది. గుణసాగర భూపతి కోపంగా ఉండబోయి, ఉండలేక నవ్వేశాడు. అచ్చం గోడ మీది దీపాల్లాగే ఆయన బొజ్జ కుదుపులతో ఊగింది.

"కోరుకోవే గడుగ్గాయీ!"

"కోట బయట నాకో గడప, ప్రభూ. రేపటి నుంచి నా గంజి నేనే కాచుకుంటాను."

"ఇచ్చాను! ఇంటి కొయ్యపనికి చీలలు మంకన్నే కొడతాడు. ఈసారి నిజంగా, తన చేత్తోనే!"