గేటు దగ్గర విన్న గిటారు

రత్నం మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్ళకి జవాబు కన్నా ముందు ఏదో ఒక పని తగులుకునేది. శ్రుతి ఎందుకు నిలవడం లేదని అడిగిన ఒకాయన చేత పెరడంతా ఊడిపించారని చెప్పుకునేవారు. అందుకని కాకినాడ జగన్నాథపురంలో ఆయన దగ్గర గిటారు నేర్చుకునే శిష్యులు ప్రశ్న నాలిక చివరిదాకా వచ్చాక కూడా ఒకసారి ఆలోచించుకునేవారు. ఆ ఇంట్లో ఇంకో కట్టుబాటు ఉండేది. ఒకరి గిటారు మరొకరు ముట్టకూడదు. మాస్టారూ ముట్టేవారు కాదు. శిష్యులు తప్పు వాయిస్తే తన గిటారు తీసి దాని మీదే చూపించేవారు.

సలోమి మాత్రం ఆ రోజు ఆలోచించుకునే స్థితిలో లేదు. శిష్యులందరిలోకీ చెయ్యి తిరిగిన మనిషి ఆమె. నిరుడు సంగీతోత్సవంలో మైదానం నిండా జనం ముందు వాయించింది. అంతమందికి వినపడాలి కనుక గిటారుకు పికప్ పెట్టించింది. పికప్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు, వాయిద్యం అదురును పట్టి వైరు గుండా స్పీకరుకు పంపే చిన్న బిళ్ళ. ఇంట్లో అంత ముద్దుగా పలికే గిటారు ఆ రోజు స్పీకర్లలో రేకు మీద మేకు గీసినట్టు పలికింది. "ఆ రేకుల షెడ్డు కట్టెయ్యండెహే!" అని ఎవరో అరిచారు. మైదానం గొల్లుమంది. సలోమి పాట సగంలో ఆపి దిగిపోయింది. దిగుతూ దిగుతూ మైకులు పెట్టే కొండబాబును నాలుగు మాటలంది. మెత్తగానే అన్నానని ఆమె నమ్మకం.

ఇప్పుడు మళ్ళీ అదే మైదానం నుంచి పిలుపొచ్చింది. ఈసారి కూడా నవ్వులపాలైతే ఇక నలుగురిలో గిటారు పట్టకూడదని సలోమి గట్టిగా అనుకుంది. అలా అనుకున్నప్పటి నుంచి ఆమెకు నిద్ర సరిగా లేదు. నచ్చింది ఉంచుకుని మిగతావి తిరిగిచ్చే ఒప్పందం మీద కొట్టువాడి దగ్గర మూడు రకాల పికప్‌లు తెచ్చుకుంది. తీగలు ఆనే ఎముక ముక్క కింద దూర్చేదొకటి, గిటారు కడుపులో వేలాడే చిన్న మైకొకటి, పైచెక్కకు లోపలివైపు అంటించేదొకటి. మొదటిది నిరుటి బాపతే, అదే గరగర. రెండోది స్పీకరును చూస్తే చాలు కూత పెడుతోంది. మూడోది శుభ్రంగానే ఉంది గానీ మరీ పలచన. ఒళ్ళో కూర్చుని గుండెల్లోకి దిగే ఆ గుమ్మెత్తిన మంద్రం దానిలో ఏదీ? ఇది నా గిటారు గొంతే కాదని పక్కన పడేసింది.

"మాస్టారండీ, వీటిలో ఏది సహజంగా పలుకుతోందో ఎలా తెలుసుకోవాలండీ?"

మాస్టారు ఆ బిళ్ళల వంక కన్నెత్తి కూడా చూడలేదు. "గిటారు అక్కడ పెట్టి, మలుపులో టీ కొట్టుకెళ్ళి రెండు టీలు పట్రామ్మా" అన్నారు.

సలోమికి ఒళ్ళు మండింది. కొంప మునుగుతుంటే టీ ఏమిటి? అయినా వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గేటు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. వసారాలోంచి గిటారు వినిపిస్తోంది. ఏ తీగకా తీగ విడివిడిగా, తేటగా, వేలు తీగను వదిలే చప్పుడుతో సహా వినిపిస్తోంది. మాస్టారి గిటారు ఆమెకు తెలుసు, ఇది అది కాదు. ఎవరిదో మేలుజాతి వాయిద్యం ఇంటికొచ్చిందనుకుంది. దాన్ని వింటుంటే ముందు సంతోషమేసింది, ఆ వెంటనే ఈర్ష్య కూడా వేసింది. ఇలాంటిది నాకుంటే ఈ పికప్‌ల బాధే ఉండేది కాదు కదా అనుకుంటూ గేటు తీసింది.

మాస్టారి ఒళ్ళో ఉన్నది ఆమె గిటారే.

టీ గ్లాసులు కింద పెట్టడం కూడా మరిచిపోయింది. ఇన్నేళ్ళూ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, గడ్డం కింద నుంచి, వెనక నుంచి విన్నదే గానీ ఎదురుగా నిలబడి ఒక్కసారీ వినలేదు. ఎలా వింటుంది? ఆ ఇంట్లో ఒకరి గిటారు మరొకరు ముట్టరాయె! ఆ కట్టుబాటు పెట్టిన మాస్టారే ఇవాళ దాన్ని తప్పారు.

ఆ సాయంత్రమంతా మాస్టారు వాయించారు, సలోమి గేటు దగ్గర కళ్ళు మూసుకుని నిలబడింది. వసారాలో చిన్న స్పీకరు పెట్టి బిళ్ళలు మార్చి మార్చి చూశారు. తాను పలచన అని పారేసిన మూడోదాని వంతు వచ్చినప్పుడు వైరు తగిలించారో లేదో ఆమెకు తెలియనే లేదు. "తగిలించలేదు కదండీ?" అంది. మాస్టారు గిటారుకు తగిలించి ఉన్న వైరు ఎత్తి చూపించారు. సలోమి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఉత్సవం రోజు స్టేజీ ఎక్కి మొదటి తీగ మీటగానే ఆమె గుండె జారింది. కూర్చున్న చోట నుంచి మళ్ళీ ఆ పలచనే! మంద్రం పెంచే మీట చేతికందేంత దూరంలోనే ఉంది, వేళ్ళు దాని వైపు లాగుతున్నాయి. సలోమి పళ్ళు బిగించి గేటును తలచుకుంది. మీట ముట్టకుండా వాయించింది. మైదానంలో మాటలు సద్దుమణిగాయి. వేరుశనక్కాయలు వేయించేవాడు మూకుడు మీద గరిట ఆపాడు. పాట మధ్యలో చిట్టచివరి వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, "మైకు పెట్టండయ్యా! ఉత్త గిటారే వినపడతంది!" అని గట్టిగా అరిచాడు.

ఉత్త గిటారు మైదానం చివరికి ఎలా వినపడుతుందో ఆయనకు తట్టలేదు, పక్కవాళ్ళకు తట్టింది. మళ్ళీ మైదానం గొల్లుమంది. కానీ ఆ నవ్వు ఈసారి సలోమిని దించలేదు, ఎత్తి కూర్చోబెట్టింది. పాట ముగిశాక చప్పట్లు ఆగవే! ఇంకోటి, ఇంకోటి అని అడిగి అడిగి, ఆమె వేళ్ళు కందిపోయేదాకా వాయింపించుకున్నారు. ఇన్నాళ్ళూ మోసిన సిగ్గంతా ఆ చప్పట్లలో కొట్టుకుపోయింది.

దిగి వచ్చి మాస్టారి కాళ్ళకు దణ్ణం పెట్టింది. ఆనందం పట్టలేక నవ్వుతూనే, "ఒకటే వింతండీ మాస్టారండీ. మీ అందరికీ అంత బాగా వినపడిందా, అక్కడ కూర్చున్న నాకు మాత్రం చివరిదాకా వేరేలా వినపడింది" అంది.

కాస్త అవతల కొండబాబు తల వంచుకుని వైర్లు చుట్టుకుంటున్నాడు. నిరుడు ఆ నాలుగు మాటలు పడ్డప్పటి నుంచీ అతను ఆమెతో మాట్లాడడం లేదు. మాస్టారు అటు ఒకసారి చూసి, ఇటు తిరిగారు.

"నీ మాట కూడా నువ్వు అక్కడ కూర్చునే వింటావు కదమ్మా" అన్నారు.