తుండుగుడ్డ కింద బేరం

ఒకానొకప్పుడు మా కుందేరు సంస్థానంలో సోమభూపతి అనే రాజావారుండేవారు. వారికి ఇంగ్లీషు పిచ్చి పట్టింది. అదీ ఎలాంటి ఇంగ్లీషనుకున్నారు? కొనడం మీదా, డబ్బు చెల్లించడం మీదా దొరలు వాడే జాతీయాలన్నీ ఒక పుస్తకంలో రాయించుకుని, వాటిని ఉన్నవి ఉన్నట్టు తెలుగు చేసి సభ మీద వదిలేవారు.

ఊరు విడిచిపోతున్న ఒక దొర దగ్గర గుర్రం కొని, "దీనికి ఒక చెయ్యీ ఒక కాలూ ఇచ్చాను" అన్నారు. సభలోవాళ్లు కంగారుపడి వారి చేతులూ కాళ్లూ లెక్క చూసుకున్నారు. విపరీతమైన ధర పెట్టానని దాని అర్థమట. మనవాళ్లు ధర మండిపోతోందనీ, కారుచౌకగా కొట్టేశాననీ అంటారు కదా అని దివానుగారు నసిగితే రాజావారు పెదవి విరిచారు.

ఒకనాడు పుస్తకంలో కొత్త జాతీయం దొరికింది. సంచి విప్పి చూడకుండా అందులోని పందిపిల్లను కొనవద్దని దాని సారం. అది వల్లించుకుంటూనే పశువుల సంతకు వెళ్లారు. అక్కడ బేరం నోటితో ఉండదు. దళారి తుండుగుడ్డ కింద రైతు చెయ్యి పట్టుకుని, వేళ్లు నొక్కి ధర చెబుతాడు. పక్కన నిలబడ్డవాడికి కూడా తెలియదు. ఇది అచ్చంగా సంచిలో పందిపిల్ల వ్యవహారమేనని రాజావారు తేల్చేశారు. ఇకమీదట ప్రతి ధరా కేకవేసి చెప్పాలని దండోరా వేయించారు.

మరుసటి సంతకు గవరయ్య అనే రైతు ఎద్దును తెచ్చాడు. వరదకు విత్తనాలు కొట్టుకుపోయాయి. ఎద్దును అమ్మితే తప్ప పొలంలో గింజ పడదు. మొదటివాడు సగం ధర అరిచాడు. అది విని రెండోవాడు ఇంకా తగ్గించాడు. అతని ఇబ్బంది అందరి ముందూ బజారున పడింది. గవరయ్య అమ్మకుండానే తల దించుకుని ఎద్దును తోలుకుపోయాడు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

సంతలో పెద్ద దళారి సింహాద్రప్పడికీ మండింది, కాని అతను నోరు చేసుకోలేదు. దివాణానికి వెళ్లి, కొత్త పద్ధతి తమకు చేతకావడం లేదనీ, ప్రభువులే ఒకసారి అమ్మి చూపిస్తే నేర్చుకుంటామనీ మనవి చేశాడు. రాజావారు పొంగిపోయారు. దొర గుర్రాన్నే అమ్మి చూపిస్తామని, పదిమందికీ దాని విలువ తెలుస్తుందని సెలవిచ్చారు.

సంతరోజున గుర్రాన్ని నిలబెట్టారు. జట్కావాడొకడు నోరు తెరిపించి పళ్లు చూసి, ఇది ముసలిదని, ఇరవై రూపాయలని కేకవేశాడు. పక్కవాడు పదిహేనన్నాడు. కేకవెయ్యమన్నది హుకుం కనుక వాళ్లను ఏమనడానికీ లేదు. రాజావారి ముఖం కందగడ్డలా అయింది.

అప్పుడు సింహాద్రప్పడు చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"బాబూ, నాను కొంటాను. తమరు దీన్ని ఎంతకు కొన్నారో ముందు అది సెలవియ్యండి. గట్టిగా సెప్పాలి, తమ హుకుమే గదా."

సంతంతా చెవులు రిక్కించింది. రాజావారు గుర్రం వంక చూశారు, జనం వంక చూశారు. చివరికి భుజం మీది జరీ ఉత్తరీయం తీసి చేతికి కప్పుకుని ముందుకు చాపారు.

"ఇలా రా, అప్పడూ" అన్నారు మెల్లగా.

అతను గుడ్డ కింద చెయ్యి పెట్టాడు. కాసేపు వేళ్లే మాట్లాడుకున్నాయి.

"సిత్తగించారా బాబూ," అన్నాడు అప్పడు. "సరుకును మేం దాచం. పళ్లు సూస్తాం, డెక్కలు సూస్తాం, నడిపించి సూస్తాం. గుడ్డ కింద దాచేది అమ్మేవోడి అవసరాన్ని, ఆడి పరువుని. రైతుదైనా ప్రభువులదైనా అది నలుగురిలో పడకూడదు."

రాజావారు భుజాలు కదిలేలా నవ్వారు. దండోరా అక్కడికక్కడే రద్దయింది. ఆ జరీ ఉత్తరీయాన్ని తమ చేత్తోనే అప్పడి భుజాన కప్పారు.

ఆ తర్వాత దాని కింద జరిగిన మొదటి బేరం, మళ్లీ సంతకు తోలుకొచ్చిన గవరయ్య ఎద్దుదే. సాయంత్రం అతను విత్తనాల బస్తాలు బండికెత్తుకుని తలెత్తుకుని ఇంటికి వెళ్లాడు. ఆ ఎద్దు ఎంతకు పోయిందో, రాజావారి గుర్రం ఎంతకు పోయిందో కుందేరులో ఎవర్నడిగినా చెప్పరు. మా సంత మర్యాద అలాంటిది.