కూర ఎలా ఉందో చెప్పని వీరభద్రాచారి

సామర్లకోట స్టేషన్ రోడ్డులో గడియారాలు బాగుచేసే వీరభద్రాచారికి కంచం ముందు కూర్చోగానే తప్పులు వెతికే అలవాటు ఉండేది. మనిషి చెడ్డవాడు కాడు. తాగుడు లేదు, పేకాట లేదు. కొట్లో పొద్దస్తమానం కంటికి భూతద్దం బిగించుకుని, ఏ చక్రంలో పన్ను అరిగిందో, ఎక్కడ దుమ్ము చేరిందో చూస్తూ ఉండేవాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చేటప్పుడు భూతద్దం కొట్లోనే వదిలేసేవాడు. వెతకడం మాత్రం వదిలేవాడు కాడు.

అతని భార్య పేరు సత్యవేణి. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక గడియారాలు పెట్టుకునేవాళ్ళు తగ్గారు. ఆచారి కొట్టుకి బేరాలూ తగ్గాయి. ఆ సంగతి అతను ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. అతను తెచ్చే కూరల సంచి రోజురోజుకీ తేలికవడం చూసి సత్యవేణే గ్రహించింది. అప్పట్నుంచి ఆమె వంటింట్లో పారేసేదంటూ ఏదీ లేకుండా పోయింది. బీరకాయ కూర చేసిన రోజు పొట్టుతో పచ్చడి నూరేది. పుచ్చకాయ కోస్తే ఎర్రటి గుజ్జు అమ్మాయికి పెట్టి, కింద ఉండే తెల్లటి భాగం పెసరపప్పులో వేసి వండేది. కొత్తిమీర కాడలు చారులోకి వెళ్ళేవి. బియ్యం కడిగిన రెండో నీళ్ళు పులుసులో పోసేది, చిక్కగా వస్తుందని. అన్నం మిగిలితే పొద్దున్నే నిమ్మకాయ పిండి పులిహోర కలిపేది. ఎండాకాలమైతే దాంతో వడియాలు పెట్టేది. ఆ ఇంట్లో ఏ పూటా ఎవరూ సగం కడుపుతో లేవలేదు.

ఆచారికి అదేమీ కనపడేది కాదు.

“ఇదేంటి, మళ్ళీ తొక్కలేనా?” అనేవాడు. పప్పు గట్టిగా ఉందనేవాడు. పలచగా చేస్తే నీళ్ళలా ఉందనేవాడు. వంట బాగా కుదిరిన రోజున మాత్రం ఏమీ అనేవాడు కాదు. మారు వడ్డించుకుని తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేవాడు. సరిగ్గా నడుస్తున్న గడియారం గురించి ఎవరైనా మాట్లాడతారా? వంట కూడా అంతే అని అతని లెక్క.

వాళ్ళమ్మాయి పావని తొమ్మిదో తరగతి చదివేది. తండ్రిని చూసి ఆ పిల్లకీ అదే అబ్బింది. “అమ్మా, ఇవాళ ఏ తొక్క?” అని అడిగేది. తండ్రీ కూతుళ్ళు నవ్వుకునేవాళ్ళు. వాళ్ళతోపాటు సత్యవేణి కూడా నవ్వేది. అయినా రోజూ వడ్డన అయ్యాక కొంగుతో చేతులు తుడుచుకుంటూ అడిగేది.

“ఎలా ఉందండీ?”

“ఆఁ, ఉంది” అనేవాడు ఆచారి, తలెత్తకుండా.

ఒక ఏడాది కార్తీక మాసంలో సత్యవేణికి జ్వరం వచ్చింది. ముక్కు దిబ్బడ, గొంతు నొప్పి. వారానికి జ్వరం తగ్గింది. లేచి కాఫీ కలుపుకుని తాగింది. వేణ్ణీళ్ళలా ఉంది. ఇంకో చెంచా పంచదార వేసుకుంది. అయినా వేణ్ణీళ్ళే. ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ తెలియలేదు. ఆవకాయ ముక్క నోట్లో వేసుకుంది. నాలిక మండింది గానీ పులుపు లేదు, ఉప్పు లేదు, ఆవపిండి ఘాటు లేదు.

అదే సర్దుకుంటుందని నాలుగు రోజులు చూసింది. సర్దుకోలేదు. అయిదో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మెల్లగా చెప్పింది.

“ఏమండీ, నా నోటికి రుచి తెలియడం లేదండీ. ముక్కుకి వాసన కూడా...”

ఆచారి పూర్తిగా విననే లేదు. “నీకు రుచి ఎప్పుడు తెలిసింది గనక!” అని పెద్దగా నవ్వాడు. నవ్వు ఆపుకోలేక పావనికి పొలమారింది. సత్యవేణి లేచి వెళ్ళి ఆ పిల్లకి మంచినీళ్ళు తెచ్చింది. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

కానీ వంట ఆగదు కదా. పెళ్ళైనప్పట్నుంచీ చేతి వాటంతో వేసిన ఉప్పూ కారం ఇప్పుడు చెంచాతో కొలిచి వేయడం మొదలుపెట్టింది. పోపు వేగిందో లేదో వాసనకి బదులు రంగు చూసి తెలుసుకునేది. పెరుగు పులిసిందేమో అని అనుమానం. చింతపండు పాతదేమో అని అనుమానం. అంతకుముందు “ఎలా ఉందండీ?” అని ఒక మంచి మాట కోసం అడిగేది. ఇప్పుడు నిజంగానే తెలియక అడిగేది.

“ఉప్పు సరిపోయిందాండీ? పులుపు ఎక్కువ కాలేదు కదా?”

“ఆఁ, ఉంది.”

తను తినేది చిత్తుకాగితం నమిలినట్టు ఉండటంతో సత్యవేణి తిండి తగ్గిపోయింది. జాకెట్లు వదులయ్యాయి. ఇంట్లో ఎవరూ గమనించలేదు.

మాఘమాసంలో ఆచారి అక్క రాజేశ్వరి, బావగారు తుని నుంచి చూడ్డానికి వచ్చారు. సత్యవేణి తెల్లవారకముందే లేచి పనిలో పడింది. అరటిదూట సన్నగా తరిగి ఆవ పెట్టి వండింది. గుమ్మడికాయ పులుసు పొయ్యి మీద పెట్టింది. ఇంతలో రాజేశ్వరి తువ్వాలు కావాలని పిలిస్తే వెళ్ళి ఇచ్చి వచ్చింది. తీరా వచ్చాక పులుసులో ఉప్పు వేసిందో లేదో గుర్తు రాలేదు. గరిటెతో తీసి నాలిక మీద వేసుకుంది. నాలిక ఏమీ చెప్పలేదు.

“పావనీ, ఒక్కసారి ఇలా వచ్చి ఈ పులుసు రుచి చూసి చెప్పవే” అని పిలిచింది.

“అబ్బా, చదువుకుంటున్నానమ్మా. నువ్వే చూసుకో” అంది పావని పక్క గదిలోంచి.

సత్యవేణి కాసేపు నిలబడి ఆలోచించింది. చివరికి కొలిచి ఒకటిన్నర చెంచా ఉప్పు వేసింది. అది రెండోసారి వేయడం.

భోజనాల్లో రాజేశ్వరి ఒక్క ముద్ద పెట్టుకుని నీళ్ళ గ్లాసు అందుకుంది. ఆచారి కూడా తిన్నాడు. వెంటనే కంచం ముందుకు తోశాడు.

“చూశావా అక్కా? పెళ్ళై పద్దెనిమిదేళ్ళయింది. ఉప్పెంత వేయాలో ఇంకా తెలియదు. తొక్కలు పోగుచేసే శ్రద్ధ వంట మీద ఉంటే ఎంత బాగుండేది!”

బావగారు తల వంచుకుని అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. “ఊరుకోరా, నలుగురి ముందూ ఏంటా మాటలు” అంది రాజేశ్వరి నెమ్మదిగా.

“పెరుగు వేస్తాను వదినగారూ” అని సత్యవేణి లోపలికి వెళ్ళింది. పెరుగు గిన్నె తేవడానికి చాలాసేపు పట్టింది. ఆ రోజు నుంచి వంట ఎలా ఉందని ఆమె ఎవర్నీ అడగలేదు. అడగడం మానేసిందని కూడా ఎవరికీ తట్టలేదు.

ఫాల్గుణం వచ్చింది. పావనికి ఒంటిపూట బడులు పెట్టారు. ఒకరోజు కరెంటు పోయి కొట్లో పని సాగక ఆచారి కాస్త ముందుగా ఇంటికి బయల్దేరాడు. గేటు తీస్తుంటేనే గ్యాసు వాసన గుప్పుమంది. అదిరిపడి లోపలికి పరిగెత్తాడు. అంతకు కాసేపటి ముందే పాలు పొంగి మంట ఆరిపోయింది. సత్యవేణి గిన్నె దించి, గట్టంతా తుడిచి, స్టవ్ కట్టేయడం మరిచిపోయింది. పిల్లి వస్తోందని కిటికీ కూడా మూసేసింది. పొయ్యికి వీపు పెట్టి కూర్చుని బీరకాయలు తరిగి, ఇప్పుడు కూర వండటానికి లేచి నిలబడింది. ఆమె చేతిలో అగ్గిపెట్టె ఉంది.

“వేణీ! గీయకు!”

ఆచారి ఆ పెట్టె లాక్కుని పెరట్లోకి విసిరేశాడు. సిలిండర్ కట్టేశాడు. కిటికీ తోశాడు. భార్య చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చాడు.

“ఇంటి నిండా ఇంత వాసన వస్తుంటే నీకు తెలియడం లేదా? నీకసలు ముక్కుందా?” అని అరిచాడు.

“తెలియడం లేదండీ” అంది సత్యవేణి. “నాలుగు నెలలైంది. వాసనా తెలియదు, రుచీ తెలియదు.”

“నాలుగు నెలలా! నాకు చెప్పొద్దూ?”

“చెప్పాను.”

ఆ మాటలో కోపం లేదు. ఎప్పుడు చెప్పిందో ఆచారికి గుర్తు రాలేదు. బడి నుంచి అప్పుడే వచ్చిన పావని గేటు దగ్గర పుస్తకాల సంచితో నిలబడి ఉంది. ఆ పిల్లకి గుర్తొచ్చింది.

“జ్వరం తగ్గాక చెప్పింది నాన్నా” అంది. “నీకు రుచి ఎప్పుడు తెలిసింది గనక అన్నావు నువ్వు. నేనూ నవ్వాను.” అని అక్కడే ఏడవడం మొదలుపెట్టింది.

మర్నాడే ఆచారి కొట్టు మూసి, భార్యని కాకినాడ తీసుకెళ్ళి ముక్కూ గొంతూ చూసే డాక్టరమ్మకి చూపించాడు. ఆవిడ పరీక్ష చేసి, జ్వరం ఎప్పుడు వచ్చిందో అడిగింది.

“మొదట్లోనే తీసుకురావలసింది. అప్పుడైతే తగ్గే అవకాశం ఎక్కువ ఉండేది” అంది. “మందులు రాస్తాను. లవంగాలు, నిమ్మచెక్క రోజూ రెండు పూటలా వాసన చూస్తూ ఉండండి. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. ఇన్నాళ్ళు ఎందుకు ఆగారు?”

ఆచారి భార్య వైపు తిరిగాడు.

“నేనే అశ్రద్ధ చేశానండీ” అంది సత్యవేణి.

ఆ మాటకి ఆచారి తల వాలిపోయింది. పద్దెనిమిదేళ్ళుగా తను ఆమె చేతి వంటలో లేని తప్పులు కూడా వెతికాడు. ఆమె అతని తప్పు కళ్ళెదుట ఉన్నా తన మీద వేసుకుంది. తిరుగు బస్సులో ఊరు వచ్చేదాకా అతను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

మరుసటి రోజు సత్యవేణి బీరపొట్టు పచ్చడి చేసింది. వడ్డించి పక్కన నిలబడింది. ఏమీ అడగలేదు. ఆచారి ఒక ముద్ద తిని అన్నాడు.

“వేణీ, పచ్చడి బాగుంది.”

వెనకాల ఇంకేదో ఎగతాళి వస్తుందేమోనని సత్యవేణి కాసేపు చూసింది. రాలేదు.

“బాగుందంటే ఎలాగండీ?” అని అడిగింది. “నువ్వులు తెలుస్తున్నాయా? పులుపు ఎంత వరకూ ఉంది? నాకు తెలియదు కదా, చెప్పండి.”

ఆచారి చెప్పబోయి ఆగిపోయాడు. చప్పగా ఉంది, మాడింది, ఉప్పు కషాయం, జావలా ఉంది... వంకలు పెట్టడానికి అతని దగ్గర బోలెడు మాటలున్నాయి. మంచి చెప్పడానికి ఒక్క “బాగుంది” తప్ప మాట లేదు. ఇంకో ముద్ద పెట్టుకుని, ఈసారి తొందర లేకుండా నమిలాడు.

“ముందు పులుపు తగులుతోంది” అన్నాడు తడబడుతూ. “ఎక్కువ లేదు, హాయిగా ఉంది. తర్వాత వేయించిన నువ్వుల కమ్మదనం వస్తోంది. పొట్టు పూర్తిగా మెత్తబడలేదు, అక్కడక్కడా పంటికి తగులుతోంది. మింగాక పచ్చిమిరపకాయ కారం కొంచెం మిగులుతోంది.”

సత్యవేణి కళ్ళు మూసుకుని వింది. “అయితే సరిగ్గానే కుదిరింది” అంది. కళ్ళు తెరిచేసరికి రెప్పలు తడిసి ఉన్నాయి.

ఆ పచ్చడి పెళ్ళైన నాటి నుంచీ అతని కంచంలోకి వస్తూనే ఉంది. దాని రుచి ఏమిటో అతను ఆ రోజే తెలుసుకున్నాడు.

“అమ్మా, ఇక నుంచి వంటల్లో ఉప్పూ కారం నేను చూసి చెబుతాను” అంది పావని.

అన్నట్టుగానే చూసేది. ఆచారి కూడా రోజూ తిన్నది ఎలా ఉందో విడమరిచి చెప్పేవాడు. తొక్కలు అనే మాట ఆ ఇంట్లో మళ్ళీ వినపడలేదు. సత్యవేణి ఏళ్ళ తరబడి లవంగాలు, నిమ్మచెక్క వాసన చూసింది. ఎప్పుడైనా ఏదో తెలిసినట్టు అనిపించేది. పావనిని గట్టిగా పిలిచేది. ఆ పిల్ల వచ్చేలోపే అది పోయేది. పోయిన రుచి మాత్రం తిరిగి రాలేదు.

చాలా రోజులకి రాజేశ్వరి మళ్ళీ వచ్చింది. తమ్ముడు వంట గురించి భార్యకి ఒక్కొక్కటే చెబుతుంటే విని ఆశ్చర్యపోయింది.

“బాగా మారావురా తమ్ముడూ” అంది, సత్యవేణి లోపలికి వెళ్ళాక.

“మారి ఏం లాభం అక్కా?” అన్నాడు ఆచారి. “తన వంట తను రుచి చూసుకోగలిగిన రోజుల్లో నా నోటివెంట ఒక్క మంచి మాట రాలేదు. ఇప్పుడు నేనెంత చెప్పినా వింటుందే గానీ, ఆ రుచి తనకి అందదు. అప్పుడే ఒక్క పూటైనా ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని బాగుందనుకుంటూ తిని ఉంటే...”

ఉన్నదాంతోనే ఇంటిల్లిపాది కడుపూ నింపే మనిషికి చెప్పవలసిన మంచి మాట ఏ పూటకి ఆ పూటే చెప్పాలి. ఆలస్యంగా చెప్పిన మాట మన మనసుకి ఊరటనిస్తుందేమో గానీ, ఆ మనిషి పోగొట్టుకున్నదాన్ని తిరిగి తెచ్చి ఇవ్వలేదు.