బొడ్డేటివారి ప్లేయరు

మండపేటలో బొడ్డేటివారంటే తెలివికి పెట్టింది పేరు. ఆ పేరు పెట్టింది కూడా బొడ్డేటివారే.

"లోకంలో పనులు ఎందుకు చెడతాయో తెలుసా? చెప్పిందొకటి, చేసేదొకటి. మా ఇంట్లో ఆ రోగం లేదు. చెప్పింది చెప్పినట్టే చేస్తాం" అని ఇంటిపెద్ద గవర్రాజు వరండాలో పడక్కుర్చీ వేసుకుని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుండేవాడు.

నిజమే మరి. 'ఈ మాత్ర పడుకునే ముందు వేసుకోవయ్యా' అని డాక్టరు చెబితే, అక్కడికక్కడే మాత్ర మింగి, పట్టపగలు ఆసుపత్రి బల్లమీదే పడుకున్న మనిషి ఆయన. భార్య మంగతాయారు ఏం తక్కువ తినలేదు. ఎవరి గేటుకో 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని రాసుంటే చదివి, పాపం దిక్కులేనట్టు వదిలేశారని ఆ కుక్కని ఇంటికి తోలుకొచ్చి జాగ్రత్త చేసింది. కుక్కగలవాళ్ళు వచ్చి నానా మాటలూ అంటే, "రాసింది మీరే కదండీ!" అని వాళ్ళకే బుద్ధి చెప్పింది. ఇక గవర్రాజు తమ్ముడు బుల్లెబ్బాయి. వాడు అన్నగారికంటే రెండాకులు ఎక్కువే చదివాడు.

ఆ బుల్లెబ్బాయికి జ్యేష్ఠమాసంలో పెళ్ళయింది. పెళ్ళికూతురు హైమది రామచంద్రపురం. ఆషాఢం రాగానే పుట్టింటికి వెళ్ళింది. ఆ పిల్లని చిన్నప్పట్నుంచీ పెంచింది అమ్మమ్మ సుభద్రమ్మ. పెళ్ళికి ముందు ఆవిడ గడప తట్టుకుని పడి తుంటి విరగ్గొట్టుకుంది. పెళ్ళి ఇక్కడ జరుగుతుంటే ఆవిడ అక్కడ మంచంలో పడుకుని ఏడ్చింది.

"దాని మెళ్ళో తాళి పడటం చూడకుండానే పోతానేమో" అని ఆవిడ ఫోన్లో అంటే, గవర్రాజుకి గుండె కరిగిపోయింది.

"అలా అనకండి పిన్నిగారూ! శ్రావణం రాగానే ఆదివారం నాడు హైమతో కలిసి మా ఇంటికి రండి. మా టీవీలో మీకు పెళ్ళి చూపించే పూచీ నాది" అని, ఆవిడ చెవుడుకి తగ్గట్టు ఫోన్లో అరిచి మరీ మాటిచ్చేశాడు.

ఇంకేముంది, ఆ మర్నాడే పెళ్ళి వీడియో తీసిన బాబ్జీ ఇంటికొచ్చి, గవర్రాజు చేతిలో బొటనవేలంత పెన్‌డ్రైవ్ పెట్టాడు.

"మీ పెళ్ళి మొత్తం ఇందులోనే ఉందండి."

"మొత్తమే? వచ్చినవాళ్ళందరూనా?" అంది మంగతాయారు.

"ఒక్కరు కూడా తప్పిపోలేదమ్మా."

అంతే. బాబ్జీ అటు వెళ్ళాడో లేదో, ఆవిడ దాని మూత పీకేసి ఫ్యాను కింద పెట్టింది. అంతమందికి లోపల గాలాడద్దూ? పైగా హైమ తరపు చిన్నపిల్లలు కూడా ఉన్నారాయె.

కాసేపు గాలి తగలనిచ్చి, టీవీ వెనకాల దొరికిన కంతలో దాన్ని గుచ్చారు. బొమ్మ రాలేదు. గవర్రాజు బాబ్జీకి ఫోన్ చేశాడు.

"మీ టీవీ పాతదండీ. ఈ వీడియోని సపోర్ట్ చెయ్యదు" అన్నాడు బాబ్జీ.

"ఓస్, అంతేనా! సపోర్టు మేం ఇస్తాం కదా" అని ఫోన్ పెట్టేశాడు గవర్రాజు. అన్నదమ్ములిద్దరూ వెళ్ళి, కొత్తగా స్లాబు వేస్తున్న వాళ్ళ దగ్గర్నించి సరుగుడు బాదులు అడిగి తెచ్చి, టీవీకి కిందనించి ఒకటి, పక్కలనించి రెండు దన్ను పెట్టారు. ఇప్పుడు టీవీ మీద ఏనుగు నిలబడినా కదలదు. బొమ్మ మాత్రం ఏనుగుకీ రాలేదు, వీళ్ళకీ రాలేదు.

మళ్ళీ ఫోన్. బాబ్జీ అప్పుడు ఇంకో పెళ్ళిలో బాజాల మధ్య ఉన్నాడు. "ప్లేయరు లేకుండా ఎలా వస్తుందండీ?" అని అరిచాడు. "మంచి ప్లేయరు ఒకటి చూసి ఇంట్లో పెట్టుకోండి. అన్ని రకాలూ ఆడేలా ఉండాలి. కరెంటు ఎక్కువ తినకూడదు. ఊరికే వేడెక్కకూడదు. దాని వెనకాల పెన్‌డ్రైవ్ గుచ్చారంటే చాలు, ఆడేస్తుంది!"

గవర్రాజు తలపంకించాడు. విషయం పూర్తిగా అర్థమైపోయింది. అదే కదా ప్రమాదం.

సాయంత్రం అన్నదమ్ములిద్దరూ హైస్కూలు గ్రౌండుకి వెళ్ళారు. ముందు ఒక వాలీబాల్ ప్లేయర్ని చూశారు. మరీ పొడుగు. "టీవీ పక్కన పట్టద్దూ?" అని బుల్లెబ్బాయి పెదవి విరిచాడు. క్యారమ్స్ ఆడేవాడు కుదురుగానే ఉన్నాడు గానీ, ఇంకో ఆట రాదన్నాడు. చివరికి కబడ్డీ తాతబ్బాయి కంటబడ్డాడు. తొడలు రోకటిబండల్లా ఉన్నాయి.

"అన్ని రకాలూ ఆడతావా?" అనడిగాడు గవర్రాజు.

"ఆయ్. కబడ్డీ, ఖోఖో, గోనెసంచి పరుగు, ఏదైనా ఆడతానండి."

"కరెంటు ఎంత తింటావు?"

"కరెంటా? నేను అన్నమే తింటానండి."

గవర్రాజు తమ్ముడి వంక గర్వంగా చూశాడు. కరెంటు అసలే తినని ప్లేయరు! ఇలాంటిది ఏ కొట్లో దొరుకుతుంది?

"మరి వేడెక్కుతావా?"

"నా జోలికొస్తే తప్ప ఎక్కనండి."

అంతే, బేరం కుదిరిపోయింది. ఆదివారం దాకా ఇంట్లో ఉండాలి, తిండి వాళ్ళదే. తాపేశ్వరం కాజాలు కూడా పెడతామనేసరికి, ఎందుకూ ఏమిటీ అని అడక్కుండా తాతబ్బాయి వెంట వచ్చేశాడు.

టీవీ పక్కన పీట వేసి కూర్చోబెట్టారు. మంగతాయారు దిష్టి తీసి బొట్టు పెట్టింది. కాజాలు తినిపించింది. తాతబ్బాయికి ఇంత మర్యాద జన్మలో జరగలేదు. పాపం, మురిసిపోతూ కూర్చున్నాడు. అప్పుడు బుల్లెబ్బాయి పెన్‌డ్రైవ్ పట్టుకుని మెల్లిగా వెనక్కి చేరాడు.

"ఎక్కడ గుచ్చమన్నాడు అన్నయ్యా?"

"వెనకాల అన్నాడు. గట్టిగా గుచ్చు, వదులుగా ఉంటే బొమ్మ వణుకుతుంది."

గుచ్చాడు.

"అమ్మో!" అంటూ తాతబ్బాయి లేచిన లేవడం ఎలా ఉందంటే, పీట ఒకవైపు ఎగిరింది, కాజాల పళ్ళెం ఒకవైపు ఎగిరింది. దొరికినవాణ్ణి దొరికినట్టు పట్టేయడం అలవాటైన మనిషి కదా, వెనక్కి తిరిగి బుల్లెబ్బాయిని నడుం దగ్గర పట్టి నేలకేసి అదిమాడు. కాలు తగిలి ఒక బాదు పడింది. టీవీ ఊగింది. గవర్రాజు దాన్ని కావలించుకుని, "ఆడుతోంది, ఆడుతోంది! బుల్లెబ్బాయీ, తెర చూడరా, పెళ్ళి కనబడుతోందా?" అని కేకలు.

"నాకు చుక్కలు కనబడుతున్నాయన్నయ్యా!"

తాతబ్బాయి తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ కిందపడిన కాజాలు ఏరుకుని మరీ వెళ్ళాడు.

"చెప్పాడుగా, జోలికెళ్తే వేడెక్కుతానని. ఇది నాసిరకం ప్లేయరు" అని తేల్చింది మంగతాయారు.

ఆదివారం పొద్దున్నే గవర్రాజు ఊళ్ళో టీవీలమ్మే కొట్టుకి పరిగెత్తాడు. మధ్యాహ్నానికి సుభద్రమ్మ వచ్చేస్తుంది. ఇచ్చిన మాట పోతుందేమోనని ఆయనకి నిజంగానే చెమటలు పడుతున్నాయి. కొట్టాయన జరిగినదంతా విని, కాసేపు బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు వంగుని నవ్వుకుని, పైకి లేచాడు.

"ప్లేయరంటే మనిషి కాదండీ, వస్తువు. ఇందులో రెండు రకాలు. ఇది పుల్లలా ఉంటుంది, టీవీ వెనకాల దాక్కుంటుంది. ఇదేమో పెట్టె, ఎదురుగా కనిపిస్తుంది. ఏది కావాలి?"

"దాక్కోవాల్సిన ఖర్మేమిటండీ, అదేం దొంగతనం చేసింది? ఎదురుగా ఉండేదే ఇవ్వండి" అన్నాడు గవర్రాజు. సంసారపక్షంగా ఆలోచించి ఎంచుకున్నానని ఆయనకి మహా తృప్తి.

"మంచిదండి. ఇది కొత్త రకం. రిమోట్‌తో సహా అంతా గాల్లోనే నడుస్తుంది. వైర్ల గొడవే ఉండదు."

ఇంకేముంది, ఇంటికొస్తూనే గవర్రాజు టీవీకున్న వైర్లన్నీ పీకించాడు. కరెంటు వైరు కూడా. వాటిని చక్కగా చుట్టలు చుట్టి అటకెక్కించాడు. కొత్త పెట్టెని టీవీ ముందు పెట్టి, గాలి బాగా ఆడాలని కిటికీలన్నీ తెరిపించాడు. గాలి బ్రహ్మాండంగా వచ్చింది. బొమ్మ రాలేదు.

అట్టపెట్టె మీద కంపెనీవాళ్ళ ఫోన్ నంబరుంది. చేశాడు. స్పీకరు పెట్టాడు. తియ్యటి ఆడగొంతు పలికింది: "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం."

గవర్రాజు ఉలిక్కిపడి తన కాలు చూసుకున్నాడు. బురదగా ఉంది. "ఒసేయ్, చెంబుతో నీళ్ళు పట్రా! నా కాలు వాళ్ళకి ముఖ్యమట. ఇలా చూస్తే ఏమనుకుంటారు?"

మంగతాయారు కాలు కడిగి తుడుస్తుండగా గొంతు మళ్ళీ పలికింది: "తెలుగు కోసం ఒకటి నొక్కండి. హిందీ కోసం రెండు నొక్కండి."

"నొక్కవే, నొక్కు! ఒక్కటే సుమా!"

ఆవిడ చీరకుచ్చెళ్ళు సర్దుకుని భర్త కుడికాలు నొక్కసాగింది. ఎంత నొక్కినా అవతల ఉలుకూ పలుకూ లేదు. "వదిన చేతిలో బలం చాలట్లేదేమో" అని బుల్లెబ్బాయి కూడా కూర్చుని ఎడమకాలు అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఫోన్లో హిందీ మొదలైంది.

"ఒరే దరిద్రుడా, వదలరా రెండోది! హిందీ వచ్చేసింది చూడు!" అని గవర్రాజు లబోదిబోమన్నాడు.

వాడు వదిలాడు. గొంతు ఏమనుకుందో ఏమో, మళ్ళీ తెలుగులోకి తిరిగింది. ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది. "మా ప్రతినిధులందరూ ఇతరులతో మాట్లాడుతున్నారు. దయచేసి లైన్లో ఉండండి."

"ఊఁ, నిలబడండి, నిలబడండి!" గవర్రాజు ముందు, వెనక మంగతాయారు, ఆ వెనక బుల్లెబ్బాయి. ఎవరూ అటూ ఇటూ జరక్కుండా, ముందువాళ్ళ భుజం మీద చెయ్యేసి, గది మధ్యలో బుద్ధిగా నిలబడ్డారు.

హైమ అమ్మమ్మని ఆటోలోంచి దింపి, చంకకింద చెయ్యి వేసి నడిపించుకుంటూ లోపలికి వచ్చేసరికి ఇదీ దృశ్యం.

సుభద్రమ్మకి చెవుడు. వరసని పైనుంచి కింద దాకా చూసి, "ఏమిస్తున్నారే ఇక్కడ?" అని, ఎందుకైనా మంచిదని బుల్లెబ్బాయి వెనకాల నిలబడబోయింది.

హైమ ఎవర్నీ ఏమీ అడగలేదు. ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, అటక మీంచి వైర్లు దింపించి, ఏది ఎక్కడో చూసి తగిలించింది. పెన్‌డ్రైవ్ పెట్టెకి గుచ్చింది. మీట నొక్కింది. సన్నాయి మోగింది. తెరనిండా పెళ్ళి!

సుభద్రమ్మ కళ్ళజోడు తుడుచుకుని ముందుకి వంగింది. జీలకర్ర బెల్లం చూసింది. తాళి కట్టడం చూసింది. తలంబ్రాల దగ్గర హైమ నవ్వుతుంటే, ఆవిడ ఇక్కడ ఉత్త చేతులతోనే తెరమీదికి అక్షింతలు వేసింది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. గవర్రాజు కూడా కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. మాట నిలబడింది. తన మూలంగానే నిలబడింది!

"మీరు చూస్తూ ఉండండి, కాఫీ పెట్టుకొస్తాను. రిమోట్ మీ దగ్గరే ఉంచుకోండి బావగారూ" అని హైమ వంటింట్లోకి వెళ్ళింది. ఉంచుకోమంది కదాని గవర్రాజు దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

ఇంతలో తెరమీద హైమ మేనమామ వీరభద్రం ప్రత్యక్షమై, కెమెరాకి ఎదురొచ్చి చేతులు జోడించాడు. "గవర్రాజుగారూ, ఇంకా కూర్చున్నారేంటండీ? విస్తళ్ళు వేసేశారు. అందర్నీ తీసుకుని భోజనాలకి రండి. హాల్లో అంతా మీ కోసమే చూస్తున్నారు!"

అంతే. గవర్రాజు చటుక్కున లేచాడు. "మేనమామ గారు పేరుపెట్టి పిలుస్తుంటే కూర్చుంటే బాగుంటుందా? పదండి!"

మంగతాయారు పట్టుచీర చుట్టుకుంది. అన్నదమ్ములిద్దరూ సుభద్రమ్మని కుర్చీతో సహా ఎత్తారు. ఆవిడకి ఏదీ వినబడలేదు గానీ, పిల్ల పెళ్ళి చూపించినవాళ్ళు ఎక్కడికి మోసుకెళ్ళినా మంచికే అనుకుంది. ఇల్లు జాగ్రత్తగా తాళం వేసుకుని బయల్దేరారు. లోపల హైమ కాఫీ గ్లాసులతో గదిలోకి వచ్చి చూసుకుంటే, మనుషుల్లేరు, తెరమీద మాత్రం పెళ్ళివారు గారెలు తింటున్నారు.

శ్రావణమాసం కదా, బుల్లెబ్బాయి పెళ్ళి జరిగిన ఆ హాలు ఖాళీగా లేదు. గుమ్మంలో ఎవరో పన్నీరు చల్లి, చందనం రాసి, ముసలమ్మగారికి దారివ్వండంటూ కుర్చీని మండపం దగ్గరిదాకా తెచ్చి పెట్టించారు. అక్షింతలు కూడా చేతికిచ్చారు.

"ఇప్పుడు బొమ్మ బాగా దగ్గరగా ఉంది బాబూ" అంది సుభద్రమ్మ సంతోషంగా.

బుల్లెబ్బాయి మాత్రం పీటలమీదికి చూసి కొయ్యబారిపోయాడు. "అన్నయ్యా, నా పీటమీద ఎవడో కూర్చున్నాడు! పక్కన హైమ కూడా లేదు!"

గవర్రాజు కళ్ళు చిట్లించి చూశాడు. "కంగారుపడకురా. ఛానల్ మారింది" అని జేబులోంచి రిమోట్ తీసి, పంతులుగారి మొహానికి గురిపెట్టి నొక్కాడు. మారలేదు. పెళ్ళికొడుకుకి గురిపెట్టి నొక్కాడు. వాడు లేచి నిలబడి తాళి అందుకున్నాడు.

"ఇంకాస్త దగ్గరికెళ్ళి నొక్కండి, ముడి వేసేస్తున్నాడు!" అంది మంగతాయారు.

గవర్రాజు మండపం ఎక్కి, పంతులుగారి ముక్కుకి ఆనించి మరీ నొక్కాడు. పంతులుగారు బెదిరిపోయి, "గట్టిమేళం! గట్టిమేళం!" అని అరిచారు. హాలు దద్దరిల్లేలా డోలూ సన్నాయీ ఒక్కసారిగా అందుకున్నాయి.

గవర్రాజు తృప్తిగా తమ్ముడి వైపు తిరిగాడు.

"చూశావా, సౌండు పెరిగింది. రిమోట్ లక్షణంగా ఉంది, ఛానల్ మీటే కాస్త గట్టిపడింది. ఏదీ, ఆ పంతులుగార్ని కదలకుండా పట్టుకో, ఇంకోసారి నొక్కుతాను!"