మొలకెత్తని గింజలు

అనగనగా ఒక కొండ అడవిలో, జలపాతానికి ఎగువన, ఒక తెల్లమద్ది చెట్టు ఉండేది. దాని తొర్రలో కొమ్ముముక్కు పక్షుల జంట కాపురముండేది. మగపక్షి పేరు దీర్ఘతుండుడు. ఆడపక్షి పేరు సుపర్ణ. ఆ అడవిలో వారి జాతికి మిగిలినది ఆ ఒక్క జంటే.

పిల్లలూ, ఆ జాతికి ఒక ఆచారం ఉంది. గుడ్లు పెట్టే వేళకు తల్లి తొర్రలోకి వెళ్లి, ద్వారాన్ని మట్టితో మూసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రమే మిగులుతుంది. లోపల దాని రెక్కల ఈకలు రాలిపోతాయి. ఇక అది ఎగరలేదు. తండ్రి తెచ్చి అందించినదే తల్లికీ పిల్లలకూ ఆహారం. తిన్న పండ్ల గింజలను తల్లి ఆ సందులోంచి కిందికి వదులుతుంది. అవి చెట్టు మొదట్లో మొలకెత్తుతాయి. ఆ మొలకలను చూసి అడవి ఆ తండ్రిని గౌరవిస్తుంది.

ఆ ఏడు తొర్రలో రెండు పిల్లలు పుట్టాయి. దీర్ఘతుండుడు లోయ దాటి వెళ్లి మేడిపండ్లు తెచ్చేవాడు. దారి దూరం, ఎండ తీవ్రం. ఒకనాడు అలసి జలపాతం దగ్గర వాలాడు. విహారానికి వచ్చిన మనుషులు తిన్నంత తిని, తక్కినది బండల మీద వదిలి వెళ్లారు. పులిహోర, బిస్కెట్లు, చిప్స్ పొట్లాలు. సీసాల ఎర్రమూతలు పండిన పండ్లలాగే మెరుస్తున్నాయి. ఇంత దగ్గర ఇంత తిండి ఉండగా లోయ దాటడమెందుకని అతడు అనుకున్నాడు. నోటినిండా నింపుకొని తిరిగి వచ్చాడు.

ఇది ఏ చెట్టు పండు అని సుపర్ణ అడిగింది. కొత్త చెట్టని అతడు చెప్పాడు. మరునాడు పిల్లలకు అరగడం లేదని చెప్పింది. అలవాటు పడతాయని అతడు సర్దిచెప్పాడు.

పై కొమ్మ మీది ముసలి ఉడుత ఇదంతా చూస్తూనే ఉంది.

"ఏమోయ్ అల్లుడూ, మేడిచెట్టు నిన్ను వెలివేసిందా? నీ ఇంటి కింద ఈసారి ఏ మొక్కలు లేస్తాయో చూడాలని ఉంది" అంది.

దీర్ఘతుండుడు చెట్టు మొదటి వైపు చూడకుండానే ఎగిరిపోయాడు.

మూడోసారి సుపర్ణ గొంతు సన్నగా వినిపించింది.

"చిన్నది నోరు తెరవడం లేదు. నాకు ఎగిరే రెక్కలు లేవు. నిజం చెప్పు. నువ్వు తెచ్చేది ఏ చెట్టు కాసింది?"

"ఏ చెట్టూ కాయలేదు. మనుషులు పారేసింది తెచ్చాను" అన్నాడు అతడు.

ఆ వెంటనే లోయ దాటి వెళ్లి మేడిపండ్లు తెచ్చాడు. అప్పటికే చిన్నది చనిపోయింది. పెద్దది మాత్రం బతికింది.

కాలం రాగానే సుపర్ణ మట్టిగోడ పగలగొట్టుకొని బయటికి వచ్చింది. చెట్టు కింద పొట్లాల పేలికలు, ఎర్రమూతలు, వాటి నడుమ చిన్నదాని ఈకలు. వాటి కింద పడిన మేడి గింజల్లో ఒక్కటీ మొలకెత్తలేదు. దీర్ఘతుండుడు తల ఎత్తలేకపోయాడు.

అదే సమయానికి విహారానికి వచ్చిన కొందరు మనుషులు ఆ చెట్టు కిందికి వచ్చారు. ఆ కుప్పను చూసి, పక్షులకు కూడా శుభ్రత తెలియదని నవ్వుకున్నారు. చేతిలోని ఖాళీ పొట్లాలు అక్కడే పడేసి వెళ్లారు. సిగ్గుపడవలసినవారు నవ్వారు. సిగ్గుపడినది ఆ పక్షి ఒక్కటే.

మరుసటి ఏడు గుడ్లు పెట్టే కాలం వచ్చింది. దీర్ఘతుండుడు మేడిపండు పట్టుకొని తొర్ర ముందు వాలాడు. సుపర్ణ దూరపు కొమ్మ మీదే కూర్చుంది.

"నీ మీద కోపం లేదు. తలుపు మూసుకునే ధైర్యమే లేదు" అంది.

ఆ ఏడు ఆ తొర్ర తెరిచే ఉండిపోయింది.

నీతి: పారవేసినంత మాత్రాన వస్తువు మనది కాకుండా పోదు. మన విలాసపు ఎంగిలి మరొక జాతి బిడ్డ నోటికి చేరితే, ఆ సిగ్గు మనదే.