అడుగు లేని పడవ ఊరేగింపు

ఒకానొక కాలంలో చిలకేటి ఒడ్డున మణిదుర్గమనే రాజ్యం ఉండేది. దాన్ని ఏలేది రణకేసరి మహారాజు. ఆయన మనసు మంచిదే గాని దర్పం జాస్తి. వీధిలోకి వస్తే ముందు నడుస్తూ బిరుదులు చదవడానికే ఇద్దరు భటులు ఉండాలి.

ఆ వేసవిలో రేవు పడవ కాస్తా మునిగిపోయింది. ఏటికి ఆవల ఉన్న పాలెం జనానికి నగరం రావాలంటే అదే ఆధారం. వైద్యుడూ మంత్రసానీ ఉండేది ఇవతలి గట్టునే. ఒక నిండు చూలాలు నొప్పులు పడుతూ పగలంతా అవతలి గట్టున కూర్చుంటే, చివరికి ఈతగాళ్లు మంత్రసానిని తెప్ప మీద దాటించారు. తల్లీబిడ్డా బతికారు. కానీ ఆ రోజుతో కొత్త పడవ కట్టాలని రెండు గట్ల కుర్రకారూ ఒక్కటయ్యారు. ఆడపిల్లలూ కలిశారు. వాళ్లకు ముందు నిలిచినవాడు ముమ్మడి.

అడవి కలప తెచ్చి పడవ పక్కలు నిలబెట్టారు. అడుగు బల్లలకూ, మేకులకూ, సందులు పూడ్చే గుగ్గిలానికీ చేతిలో ఏమీ మిగల్లేదు. వానలు దగ్గర పడుతున్నాయి. దాంతో చందాలకు బయలుదేరారు.

బయలుదేరారు గాని అడిగే తీరు తెలియలేదు. అంగడి వీధిలో డప్పులు మోగిస్తూ మనిషికి అడ్డం నిలబడేవారు. ఇచ్చేదాకా కదలనిచ్చేవారు కారు. ఇవ్వనివాళ్ల వెనక ఈలలు వేసేవారు. ఆ హుషారులోనే ఒకనాడు రాజుగారి పల్లకీని చుట్టుముట్టారు. భటుడింకా బిరుదులు చదువుతుండగానే ముమ్మడి రాజుగారి గడ్డం కిందకు పళ్లెం జాపాడు. బోయీలు తడబడ్డారు. రాజుగారి తలపాగా జారి పళ్లెంలో పడింది. అదే చందా అనుకుని ముమ్మడి వంగి దండం పెట్టాడు.

వీధంతా గొల్లున నవ్వింది.

మర్నాడు సభలో రాజుగారు మండిపడ్డారు. "రాయండి. నా నగరంలో చందా విషయమై ఎవరూ దారిన పోయేవాళ్లను ఆపకూడదు. నోరు తెరిచి అడగకూడదు. చెయ్యి చాచకూడదు. ఇది మర్యాద. తప్పినవాడు, చందా దేనికోసమో ఆ పనంతా సొంత ఖర్చుతో చేసిపెట్టాలి. ఎంతటివాడైనా సరే."

ఆస్థానంలో చమత్కారిగా పేరుపడ్డ చొక్కన మెల్లగా లేచాడు. "ప్రభూ, ఎంతటివాడైనా అన్న మాట కూడా రాయించమంటారా?"

"తప్పక రాయించు. నా శాసనానికి మినహాయింపు లేదు."

"మరి ఇలాగైతే ఆ పడవ పూర్తయ్యేదెలా?"

"ఈ మర్యాద మీరకుండా పూర్తి చేయించు, నీ తెలివి ఒప్పుకుంటాను. తొలివాన పడేలోగా పడవ నీట దిగకపోతే ఆ కలప మా వంటశాలకు పోతుంది" అన్నారు రాజుగారు.

చొక్కన నేరుగా ఏటి ఒడ్డుకు వెళ్లాడు. కుర్రకారు దిగాలుగా కూర్చుని ఉన్నారు.

"చూశారా అయ్యా, రాజుగారు మా నోళ్లు కట్టేశారు" అన్నాడు ముమ్మడి.

"ఆయన సంగతి తర్వాత. ముందు మీ సంగతి చెప్పండి. బెల్లం కొట్టు ముసలాయనకు అడ్డం నిలబడి ఎంతసేపు కదలనివ్వలేదు? ఆయన ఆ రోజు మనవడి మందుకోసం పోతున్నాడట. అది ఎవరైనా అడిగారా?"

ముమ్మడి తల దించుకుని, "పొద్దున్నే ఆయన దగ్గరికెళ్లి తప్పు ఒప్పుకుంటాం" అన్నాడు.

"వెళ్లండి. ఆ తర్వాత పడవ భుజాలకెత్తండి" అన్నాడు చొక్కన.

మర్నాడు అంగడి వీధిలో ఒక వింత కనబడింది. పడవ నడిచి వస్తోంది. అడుగు లేదు కదా, లోపల దూరి మోస్తున్నవాళ్ల కాళ్లన్నీ కింద కనబడుతున్నాయి. డప్పు లేదు, కేక లేదు. ఎదురు ఎవరొచ్చినా పడవే పక్కకు తప్పుకుంటోంది. ఎవరైనా చూస్తే కుర్రకారు నవ్వి తల వంచి సాగిపోతున్నారు.

జనం పనులు ఆపి వెంటపడ్డారు. "పాలెం పడవ ఇదేనటే" అంది పూలమ్మే ఆమె, తోటి ఆమెతో. కొంగు ముడి విప్పి గుప్పెడు కాసులు పడవలో వేసింది. అవి గలగలమంటూ నేల మీదే పడ్డాయి. ఆమె తెల్లబోయింది, వీధి వీధంతా నవ్వింది. ఒక పిల్ల ఆ కాసులేరి కళ్లకద్దుకుంది. ఇంకేముంది, ఒకరి వెనక ఒకరు తోసుకుంటూ వచ్చారు. వడ్రంగి రెండు బల్లలు భుజాన వేసుకొచ్చాడు. కమ్మరి గుప్పెడు మేకులు తెచ్చి ముమ్మడి చేతిలో పోశాడు. ఏమీ ఇవ్వలేని బెల్లం కొట్టు ముసలాయన పడవకు ఒక భుజం పట్టాడు.

సరిగ్గా అప్పుడే రాజుగారి పల్లకీ వచ్చింది. పడవ మర్యాదగా పక్కకు తొలగి ముందుకు సాగింది. పల్లకీలోంచి చూసిన రాజుగారు ఉండబట్టలేకపోయారు.

"ఆగండి" అని దిగి వచ్చారు. "ఏమిటిది? అడుగు లేని పడవను ఎందుకు మోస్తున్నారు?"

కుర్రకారు ఎప్పటిలాగే నవ్వి తల వంచారు.

"ఆ చేతిలో ఏమిటి? మేకులా? ఏవీ, ఇలా ఇవ్వు" అంటూ రాజుగారు చెయ్యి చాచారు.

జనంలోంచి చొక్కన ముందుకొచ్చాడు. "ప్రభూ, ఆ మేకులు చందాగా వచ్చినవి. దారిన పోయేవాళ్లను తమరు ఆపారు, నోరు తెరిచి అడిగారు, చెయ్యి చాచారు. మూడూ అయిపోయాయి."

రాజుగారు చాచిన తన చెయ్యి వంక చూసుకున్నారు.

"శాసనం నేను చేసింది నాకోసం కాదు, చొక్కనా."

"నిజమే ప్రభూ. కానీ ఎంతటివాడైనా అని తమరే రాయించారు. తమకంటే గొప్పవారు ఈ రాజ్యంలో ఉంటే చెప్పండి, ఆయన దగ్గరికే వెళ్లి తమకు మినహాయింపు అడుగుతాను."

రాజుగారి మీసం వణికింది. కోపమనుకుని భటులు బెదిరారు. కానీ ఆయన పడవ అంచు పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "బల్లలూ, గుగ్గిలమూ, కూలీ అంతా మా ఖజానా నుంచే. ఈ మేకులు మాత్రం కమ్మరివే కొట్టండి" అన్నారు. అక్కడే నిలబడి శాసనం మార్పించారు. మంచి పనికి చందా అడగవచ్చు, కానీ ఒక్కసారే అడగాలి, దారి వదిలి అడగాలి, ఇవ్వనివాళ్లకూ అదే దండం పెట్టాలి.

తొలివానకు ముందే పడవ నీట దిగింది. మొదటి దాటింపుకు రాజుగారే వచ్చి కూర్చున్నారు. నడి ఏట్లో పడవ ఒక్క ఊపు ఊగేసరికి ఆయన బిరుదులన్నీ మరిచి చొక్కన చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. అవతలి గట్టు చేరాక తన ముంజేతి బంగారు కడియం తీసి "నీ తెలివి ఒప్పుకున్నాను" అంటూ ఆ చేతికే తొడిగి, తన బెదురుకు అందరికంటే ముందు తానే నవ్వారు.